ఆదివారం ఆరాధన నడిపేవాళ్లకి: వెనక చాప మీద కూర్చున్న అవ్వ దగ్గర మొదలుపెట్టండి

కందుకూరు కానీండి కొండపి కానీండి కావలి కానీండి, మా ప్రకాశం, నెల్లూరు వైపు పల్లె క్రైస్తవ సంఘాల్లో ఈమధ్య ఒకటే గొడవ. కుర్రోళ్లకి కీబోర్డ్ వచ్చింది, ప్యాడ్స్ వచ్చినాయి, యూట్యూబ్‌లో ట్రాకులు దొరుకుతున్నాయి, ముందు నలుగురు కళ్లు మూసుకొని పాడుతుంటే వెనకాల సంఘం మొత్తం చూస్తా కూర్చుంటది. ఇది ఆరాధన కాదు ప్రోగ్రామ్ అని పెద్దోళ్లు, మీ పాత కీర్తనలకి నిద్రొస్తది అని కుర్రోళ్లు. నన్నడిగితే ఇది పాత పాట కొత్త పాట గొడవ కానే కాదు, సంఘం నోరు తెరిచిందా లేదా అన్నదొక్కటే చూడాల. పాత కీర్తనకి కూడా నోరు తెరవని సంఘాలు ఉన్నాయి, కొత్త పాటకి అవ్వలు కూడా గొంతు కలిపే సంఘాలు ఉన్నాయి.

ప్రతి గుళ్లో వెనకాల చాప మీద గోడకి ఆనుకొని ఒక అవ్వ ఉంటది చూడండి. చదువు రాదు, కళ్లు సరిగ్గా ఆనవు, టీవీలో లిరిక్స్ వేసినా ఒకటే వెయ్యకపోయినా ఒకటే. ఆమె పొద్దున్నే లేచి గేదెకి గడ్డేసి, వంట చేసి, నడిచి వచ్చింది. ఈ రెండు గంటల్లో ఆమె చేసిందేంది? విన్నదా, పాడిందా, ప్రార్థన చేసిందా, లేకపోతే కూర్చోని లేచి పోయిందా? ఆరాధనలో ఏది ముందు ఏది వెనక అని క్రమం రాసేటప్పుడు ప్రతి లైను పక్కన ఈ ప్రశ్న వేసుకోండి. ఇక్కడనుంచి నేను చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుద్ది.

గురువారానికే కూర్చోండి

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి వాట్సాప్‌లో "అన్నా ఈరోజు ఏ పాటలు" అని మెసేజ్ పెట్టుకునేవాళ్లకి ఏం చెప్పినా దండగే. బుధవారమో గురువారమో అయ్యగారి దగ్గరికి, అంటే పాస్టర్ గారి దగ్గరికి పోయి ఈ వారం వాక్యభాగం ఏందండీ అని అడగండి. కొందరు శనివారం రాత్రి దాకా చెప్పరు, ఇంకా ప్రార్థనలో ఉన్నానయ్యా అంటారు, వాళ్లతో వాదన పెట్టుకోవద్దు, కనీసం అది ఓదార్పు మాటా, హెచ్చరికా, కృతజ్ఞతా అన్నంత వరకైనా చెప్పించుకోండి చాలు. వాక్యం పశ్చాత్తాపం గురించి నడిచి, అయిపోగానే మీరు గంతులేసే పాట ఎత్తుకుంటే అయ్యగారు గంటసేపు చెప్పింది ఆ దరువులో కొట్టుకుపోద్ది.

ముందే రాసుకుంటే పరిశుద్ధాత్మ నడిపింపుకి అడ్డం గదా అని ప్రతి సంఘంలో ఒకాయన అంటాడు. ఆయనకి మన ఒంగోలు వైపు చరిత్రే చెప్పండి. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు, 1876-78 నాటి పెద్ద కరువు తర్వాత. అప్పుడు ఒంగోలులో ఉన్న అమెరికా బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర తను నీళ్లలోకి దిగలా. ఆరుగురు బోధకుల్ని పెట్టి, ఇద్దరిద్దరు చొప్పున దిగి, అలిసినప్పుడు వేరే ఇద్దరు దిగేట్టు ఏర్పాటు చేసి, పేర్ల జాబితా పట్టుకొని ఒక్కొక్కర్ని పిలిపించి, మధ్యాహ్నం ఆపి మళ్లీ మొదలుపెట్టి సాయంత్రానికి ముగించారు. ఉజ్జీవం అంటే అంతకంటే ఏం కావాల, ఏర్పాటు అంటే అంతకంటే ఏం కావాల? పౌలు కొరింథీయులకి రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయం చివర్లో మర్యాదగా, క్రమంగా అన్నది కూడా ఆత్మ వరాల గురించి మాట్లాడుతూనే గదా.

క్రమం అంటే పెద్ద రాకెట్ సైన్సేం కాదు. మా బాప్తిస్టు సంఘాల్లో మామూలుగా నడిచేది చెప్తా, మీది లూథరన్ అయితే మీకు పుస్తకంలోనే ఉంటది, పెంతెకొస్తు అయితే స్తుతి ఆరాధన ఎక్కువసేపు పెట్టుకుంటారు, మీకు తగ్గట్టు మార్చుకోండి. పదిన్నరకి పిలుపు వాక్యం, బైబిల్‌లోని కీర్తనల గ్రంథం లోంచి నాలుగు వచనాలు, వెంటనే అందరికీ వచ్చిన పాట. తర్వాత చిన్న పాపాల ఒప్పుకోలు ప్రార్థన, ఇక్కడ ఒక్క నిమిషం మౌనం. ఇంకో రెండు పాటలు. పాత నిబంధన, కొత్త నిబంధన పఠనాలు. విజ్ఞాపన, అంటే ఇతరుల అవసరాల కోసం ప్రార్థన. కానుక. వాక్యం ముప్పై ఐదు నిమిషాలు, మా అయ్యగారు చదివితే నవ్వుతారు గానీ రాయడం రాస్తున్నా. వాక్యానికి జవాబుగా ఒక పాట, ఆశీర్వాదం. ప్రకటనలు మాత్రం దయచేసి చివర్లో పెట్టండి లేకపోతే మొట్టమొదటే పెట్టండి, వాక్యానికి పాటకి మధ్యలో "స్త్రీల సమాజం చందా కట్టనివాళ్లు" అని ఎత్తుకోవద్దు.

పాట ఎంత పైకి పోతుందో చూసుకోండి

సంఘం పాడకపోవడానికి భక్తి తక్కువై కాదు, సగం చోట్ల శృతి ఎక్కువై. యూట్యూబ్‌లో పాడేది ట్రైనింగ్ ఉన్న గొంతు, ఆయన చరణంలో పైకి పోయి నిలబెడతాడు, బాగుంటది. అదే శృతిలో మన కీబోర్డ్ అబ్బాయి మొదలుపెడితే పల్లవి దాకా అందరూ వస్తారు, చరణం ఎక్కేసరికి మగోళ్లు కింద స్థాయికి పడిపోతారు, ఆడోళ్లు ఆగిపోతారు, ముందున్న నలుగురే మిగుల్తారు. చేయాల్సింది ఇది: పాటలో అన్నిటికంటే పైకి పోయే లైను యాడుందో వెతకండి, మామూలుగా అనుపల్లవిలోనో చరణం మూడో లైనులోనో ఉంటది. ఆ లైను కూర్చోని, మైకు లేకుండా, మామూలు గొంతుతో పాడి చూడండి. ఆడోళ్లకి కీబోర్డ్ మీద పై సి, మహా అయితే డి, అంతకు మించి పోతే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి రెండో మూడో మెట్లు దించండి. పొద్దున పూట గొంతులు ఇంకా బిగుసుకొని ఉంటాయి కాబట్టి మొదటి పాటకి ఇంకో మెట్టు దించినా తప్పు లేదు. దించితే జోష్ రాదన్నా అని అబ్బాయి అంటాడు, రాకపోతే పోనీ, వంద గొంతులు వస్తాయి.

ట్రాక్ పెట్టి పాడే అలవాటు ఉంటే సాధ్యమైనంత వరకు మానుకోండి, ట్రాక్ ఎవరికోసమూ ఆగదు గదా. అవ్వ ఒక మాట వెనకబడితే కంజీర కొట్టే మనిషి చూసి ఆగుతాడు, ట్రాక్ ఆగదు. వాయించేవాళ్లు లేని సంఘం అయితే ఒక డోలక్, ఒక జత తాళాలు చాలు, అసలేం లేకపోయినా చప్పట్లతో పాడొచ్చు. డప్పు గుళ్లోకి తేవొద్దు అనే పెద్దలు ఇంకా ఉన్నారు, నా మటుకు నాకు అది మన చేతి వాయిద్యం, చావుకీ జాతరకీ వాయించిన చెయ్యి దేవుడికి వాయిస్తే ఏమైంది అనిపిస్తది, కానీ దీనికోసం సంఘాన్ని రెండు ముక్కలు చేసుకునేంత పనిలేదు, పెద్దలతో మాట్లాడి క్రిస్మస్‌కో కోత పండక్కో మొదలుపెట్టండి.

పాత కీర్తనలు పాడేటప్పుడు ఒక సంగతి. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం వేసి ఉంటాయి, ఎవరూ చూడరు. తాళం ఆది అని ఉంటే దాన్ని లాగి లాగి పాడమని కాదు. సగం సంఘాల్లో కీర్తన అంటే నిద్రొచ్చేదానికి కారణం నడక పోవడమే. ఊళ్లో హార్మోనియం తెలిసిన పెద్దాయన ఉంటే ఆయన్ని పిలిచి అసలు నడక ఏందో అడిగి పాడి చూడండి, అదే కీర్తన లేచి కూర్చుంటది.

కొత్త పాట నేర్పేదెట్టా

నెలకి ఒకటి చాలు. ముందు శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఆడోళ్లకి నేర్పండి, ఎందుకంటే ఆదివారం పాటని మోసేది వాళ్లే. చదువు రానోళ్లు ఉంటారు కాబట్టి లైను మీరు పాడి వాళ్ల చేత పాడించండి, రెండేసి సార్లు, పల్లవి గట్టిగా వచ్చాకే చరణం. ఆ పాటనే వరసగా మూడు నాలుగు ఆదివారాలు పాడించాల. ఒకసారి పాడి వదిలేస్తే అది పాడేవాళ్ల సొంత పాటగా మిగిలిపోద్ది. చరణాలు ఆరుంటే ఆరూ పాడనక్కర్లేదు, వాక్యానికి దగ్గరగా ఉన్న రెండు తీసుకోండి. ఇంకోటి, పాట మాటలు ఒకసారి చదవండి. ట్యూన్ బాగుందని తెచ్చేస్తారు, చదివితే అందులో నేను, నా ఆశీర్వాదం, నా శత్రువులు తప్ప ఏం ఉండదు, సంఘం అంతా కలిసి అనడానికి ఒక్క మాట దొరకదు.

వాక్యం చదవడం చిన్న పని కాదు

అయ్యగారి ప్రసంగం మీద పెట్టే శ్రద్ధలో పావు వంతు కూడా పఠనం మీద పెట్టరు. అప్పటికప్పుడు "తమ్ముడూ నువ్వొచ్చి చదువు" అంటారు, వాడు బైబిల్ తిప్పుకుంటా వస్తాడు, యెషయా ఎనిమిదో అధ్యాయం పడిందంటే ఇక చూసుకోండి, మహేరు షాలాల్ హాష్ బజ్ అన్న పేరు దగ్గర నోరు తిరగక నవ్వులు. మన తెలుగు బైబిల్ భాష గ్రాంథికం, వాక్యం ఒక్కోటి మూడు వచనాల దాకా పోద్ది, పౌలు పత్రికల్లో అయితే క్రియ యాడుందో వెతుక్కోవాల. అందుకని చదివే మనిషికి శుక్రవారమే భాగం చెప్పేయండి. ఇంట్లో మూడుసార్లు బయటికి చదవమనండి, ఊపిరి తీసుకునే చోట పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకోమనండి, ఎవరు మాట్లాడుతున్నారో మారిన చోట ఇంకో గీత. గుళ్లో పుస్తకం పేరు, అధ్యాయం, వచనం రెండుసార్లు చెప్పి, పేజీలు తిప్పే శబ్దం ఆగేదాకా ఊరికే నిలబడమనండి. కుర్రోళ్లకి ఆ నాలుగు సెకన్లు నిలబడడమే కష్టం.

ఆ అవ్వ చేత కూడా చదివించొచ్చు, పుస్తకం లేకుండా. బైబిల్‌లో 136వ కీర్తన తీసుకోండి, ప్రతి వచనం చివర "ఆయన కృప నిరంతరముండును" వస్తది. మొదటి సగం మీరు చదవండి, ఆ మాట మొత్తం సంఘం అంటది. చదువు రానోళ్లు, పిల్లలు, పుస్తకం మర్చిపోయొచ్చినోళ్లు అందరూ అంటారు, మూడో వచనానికల్లా గొంతులు లేస్తాయి. సండే స్కూల్ పిల్లల్ని ముందు పెట్టి మొదలుపెడితే ఇంకా తొందరగా అందుకుంటారు.

విజ్ఞాపన ప్రార్థన

ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం, మనోళ్లు అన్నిటికంటే అశ్రద్ధ చేసేది కూడా ఇదే. "రోగులను జ్ఞాపకం చేసుకో ప్రభువా, దేశాన్ని, నాయకులను" అని పది నిమిషాలు గాల్లో తిప్పి ఆమేన్ అంటారు. రోగి పేరేంది? ఏ ఊరి నాయకులు? గుమ్మం దగ్గర బల్ల మీద ఒక నోట్‌బుక్, దారంతో కట్టిన పెన్ను పెట్టండి, పక్కన యూత్‌లో ఒకమ్మాయిని కూర్చోబెట్టండి, రాయడం రానోళ్లు చెప్తే ఆమె రాస్తది. మన దగ్గర ఏముంటాయి? చీమకుర్తి క్వారీల్లో పనికి పోయే కొడుకు, కువైట్‌లో ఇంటిపనికి పోయిన కూతురు, రొయ్యల చెరువులో తెల్ల మచ్చ రోగం వచ్చి పోయిన డబ్బు, పొగాకు వేలంలో రేటు, బెంగుళూర్‌లో ఉద్యోగం వెతుక్కునే పిల్లోడు, ఆరోగ్యశ్రీ అప్రూవల్ కోసం నెల్లూరు ఆస్పత్రిలో ఎదురుచూసే పెద్దాయన. ఇవి పేరుపెట్టి ప్రార్థన చేస్తే పక్కన కూర్చున్నోళ్లకి కూడా తెలుస్తది, సాయంత్రం ఇంటికి పోయి పలకరిస్తారు.

కానీ జాగ్రత్త ఒకటుంది. గుడి పైన గొట్టం మైకు ఊరంతా వినపడుద్ది. "ఫలానా అక్క భర్త తాగుడు మానాలని" అని మైకులో అంటే ఆ అక్క సోమవారం బోరు దగ్గరికి నీళ్లకి ఎట్టా పోవాల? రాయించుకునేటప్పుడే అడగాల, అమ్మా ఇది పేరుతో చెప్పమంటావా, పేరు లేకుండానా, లేకపోతే అయ్యగారికి మాత్రమేనా అని. నోట్‌బుక్‌లో పక్కన గుర్తు పెట్టుకోండి, గుండ్రం చుడితే పేరుతో, గీత కొడితే పేరు లేకుండా, చుక్క పెడితే అయ్యగారికి. విజ్ఞాపన సేపు బయటి మైకు ఆపేస్తే ఇంకా మంచిది.

ప్రార్థన ఒక్కళ్లే లాగకుండా నలుగురికి పంచండి, తలా రెండు నిమిషాలు, ఒకరు రోగుల కోసం, ఒకరు పనుల కోసం, ఒకరు ఊరి కోసం. ఒంగోలు ప్రార్థన కొండ గురించి అందరికీ తెలుసు గదా, 1854 జనవరి 1 తెల్లవారుజామున ఎక్కింది ఐదుగురే, మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, వాళ్లతో మనవాళ్లు ముగ్గురు. పాట పాడారు, యెషయా 52 లో సువార్త ప్రకటించేవాళ్ల పాదాలు పర్వతాల మీద ఎంత సుందరం అన్న వచనం చదివారు, ఒక్కొక్కరూ ప్రార్థన చేశారు. మైకు లేదు, స్టేజీ లేదు, నోరు తెరవని మనిషి కూడా అక్కడ లేరు.

పాటల మధ్య మాటలు

తక్కువ. పాటకీ పాటకీ మధ్య చిన్న ప్రసంగం పెట్టే లీడర్లని నేను భరించలేను, మీరు కూడా అట్టాంటోళ్లే అయితే ఏమనుకోవద్దు. ఒక వచనం చెప్పండి, పాట ఎత్తుకోండి. "ఏంది నీరసంగా ఉన్నారు, తిని రాలేదా, గట్టిగా చప్పట్లు" అని తిట్టొద్దు, నిజంగానే తినకుండా వచ్చినోళ్లు ఉంటారు. సాక్ష్యం చెప్పేవాళ్లకి మైకు వాళ్ల చేతికివ్వకుండా మీరే పట్టుకొని రెండు ప్రశ్నలు అడగండి, ఏం జరిగింది, దేవుడు ఏం చేశాడు అని, మూడు నిమిషాల్లో అయిపోద్ది.

మైకు గోల

మైకు కీచుమనేదానికి సగం కారణం స్పీకర్లు పాడేవాళ్ల వెనకాల ఉండడం. స్పీకర్లు ముందుకి జరపండి, పాడేవాళ్ల వెనక నుంచి మైకులోకి మోత వచ్చేట్టు పెట్టొద్దు. వాడని మైకులు ఆపేయండి. వాక్యం చదివేటప్పుడు ఎకో పూర్తిగా తీసేయాల, ఎకోలో యిర్మీయా ఎవరో యెహోవా ఎవరో తెలీదు. కీబోర్డ్ సౌండ్ ఎంతుండాలంటే, మీరు సంఘం మధ్యలో నిలబడితే పక్కనోళ్ల గొంతు వినపడాల, వినపడలేదంటే తగ్గించాల్సిందే. తన గొంతు, పక్కనోళ్ల గొంతు వినపడితేనే మనిషి పాడతాడు. రాత్రి పదినుంచి పొద్దున ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదని 2000 నుంచి నిబంధన ఉంది, ఆల్ నైట్ ప్రేయర్ల నాడు లోపలి బాక్సులతో సరిపెట్టుకోండి, పొరుగున పరీక్షలకి చదివే పిల్లలున్నారు, వాళ్లు మన పిల్లల క్లాస్‌మేట్లే.

బల్ల ఆరాధన నాడు

నెలలో మొదటి ఆదివారం ప్రభు బల్ల, అంటే రొట్టె, రసం పంచుకునే ఆరాధన ఉంటే పాటలు ఒకటి తగ్గించండి, వాక్యం కూడా తగ్గించమని అయ్యగారిని బతిమాలండి, లేకపోతే ఒంటిగంట దాటి రొట్టె హడావుడిగా పంచాల్సొస్తది. రొట్టె, రసం ఇచ్చేటప్పుడు కీబోర్డ్ ఆపకుండా వాయించడం అలవాటైపోయింది, కాసేపు ఆపి చూడండి, మౌనం అంటే ఏదో తేడా జరిగింది అనుకుంటారు మొదట్లో, రెండు నెలలకి వాళ్లే అలవాటు పడతారు. లేవలేనోళ్ల దగ్గరికి సంఘంలో సేవ చేసే డీకన్లే ముందు పోయి ఇవ్వాల, చివర్లో మిగిలింది కాదు.

కాలాన్ని బట్టి

మిరపకాయల కోత, పొగాకు ఆరబెట్టే బ్యారన్లు నడిచే నెలల్లో పదిన్నర అని పట్టుబడితే సగం సంఘం రాదు. పొద్దున ఆరుకి ఒక చిన్న ఆరాధన పెట్టండి, నలభై నిమిషాలు, పాట, వాక్యం, ప్రార్థన. సముద్రం పక్క ఊళ్లలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మగోళ్లు ఇళ్ల దగ్గరే ఉంటారు, డబ్బుకి ఇబ్బంది ఉంటది, ఆ రెండు నెలలు కానుక గురించి గట్టిగా మాట్లాడొద్దు, ఉన్న కానుకలోంచే వాళ్లకి ఏం చేయగలమో చూడండి. పడవలు మళ్లీ దిగే ముందు ఒడ్డునే ప్రార్థన పెడితే సంఘానికి రానోళ్లు కూడా వచ్చి నిలబడతారు.

ఊళ్లో చావు జరిగిన వారం క్రమం మార్చండి. వయసు పిల్లోడు యాక్సిడెంట్‌లో పోతే ఆ ఆదివారం సంతోష గానాలతో మొదలుపెట్టడం ఏంది? 130వ కీర్తన అగాధ స్థలాల్లోంచి మొరపెడుతుంది, 13వ కీర్తన ఎన్నాళ్లు ప్రభువా అని అడుగుతుంది. అవి చదవండి, నెమ్మది పాట ఒకటి పాడండి, ఆ ఇంటోళ్లు ఏడిస్తే ఏడవనియ్యండి, పాట సౌండ్ పెంచి కప్పెయ్యొద్దు.

సాయంత్రం

ఆరాధన అయిన సాయంత్రమే ఒక ముగ్గురిని అడగండి: ఒక అవ్వని, యూత్‌లో ఒకరిని, మధ్య వయసు మగాయన ఒకర్ని, అదీ ఎప్పుడూ మెచ్చుకోని మనిషిని. బాగుందా అని అడగొద్దు, బాగుంది అంటారు అంతే. ఏ పాట పాడావు, ఏ మాట గుర్తుంది అని అడగండి. వాళ్లు చెప్పింది క్రమం రాసిన కాగితం వెనకే రాయండి, ప్రతి పాట పక్కన వాడిన శృతి, ఎన్ని చరణాలు పాడింది, ఎంతసేపు పట్టింది కూడా. ఆ కాగితాలన్నీ ఒక ఫైల్‌లో పెట్టి గుళ్లో బీరువాలో ఉంచండి, మీ ఇంట్లో కాదు. మీరు ఊరెళ్లిన ఆదివారం వేరే ఎవరైనా నడపాలంటే బీరువా తాళం అయ్యగారి భార్య, మన అమ్మగారి దగ్గర ఉంటది గదా, తీసి చూసుకుంటారు.